పసుపు అంటని సీటు

ఒక పెద్ద అడవిలో ముందు రోడ్డు వేశారు. వేశాక, అంత మంచి రోడ్డు మీద కాళ్లతో నడవడం అందరికీ నామోషీగా తోచింది. కాబట్టి బండి కావాల్సి వచ్చింది. పొగ బండి అయితే నెమళ్లకు దగ్గు, మోత బండి అయితే గుడ్లగూబలకు పగటి నిద్ర పాడు. అందుకని కరెంటు బండే చేద్దామని తీర్మానించారు. జలపాతం కింద చక్రం ఎలాగూ తిరుగుతోంది, కరెంటుకు కొదవ లేదు.

బండి చేయడానికి కంపెనీ పెట్టారు. ఎలుగుబంటి భల్లూకరావుగారు దానికి జనరల్ మేనేజరు. ఆ అడవిలో డబ్బంటే తేనే. ఖజానా తాళాలు తీసుకెళ్లి ఎలుగుబంటి చేతిలో ఎవరు పెట్టారో, ఏం చూసి పెట్టారో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

ఉన్న తేనెలో సగానికి పైగా బ్యాటరీ తాగేసింది. మిగిలినదాంట్లో కొంత చక్రాలకు, కొంత రంగుకు, చాలా భాగం మీటింగులకు పోయింది. ఇక బండి లోపల సీటుకీ, తలుపు పిడికీ, పైకప్పుకీ మిగిలింది కుండ అడుగున జిడ్డు మాత్రమే.

ఆ లోపలి పనంతా గిజిగాడు పోచయ్యది.

పోచయ్య పనిమంతుడే, కాదనం. కానీ ముక్కు మీద కోపం, పని మీద గర్వం. ఎక్కడైనా ముడి బయటికి కనపడితే ఆ పూట వాడికి గింజ సహించదు. ఇంత పనితనం ఉండీ ఇంకా పెళ్లి కాలేదు. అదే వాడి దిగులు.

గిజిగాళ్ల ఇళ్లల్లో ఒక ఆచారం ఉంది. మగపిట్ట గూడు సగం అల్లి ఆగాలి. ఆడపిట్ట వచ్చి, లోపలికి దూరి, పీకి, లాగి, గెంతి చూస్తుంది. నచ్చితే మిగతా సగం అల్లుకుని కాపురం పెట్టుకోవచ్చు. నచ్చకపోతే రెక్క విదిలించి పోతుంది. ఆ సగం గూడు అలాగే గాలికి ఊగుతూ, వాడి సంగతి వచ్చేపోయేవాళ్లందరికీ చెబుతూ ఉంటుంది. వాగు ఒడ్డున చాలా చెట్లకు పోచయ్య పరువు అలాగే వేలాడుతోంది.

వాటిలో కడపటి గూడును కాదన్నది తుంగ అనే పిట్ట. మాట కటువు, మనసు మంచిది. పోచయ్యకు ఆమె తప్ప ఇంకెవరూ వద్దు.

"గుమ్మానికి కుచ్చులు వేశావు, గోడకు చుక్కలు పెట్టావు. బాగుంది పోచయ్యా," అంది తుంగ ఆ రోజు. "లోపల కాలు చాపుకోడానికి చోటేది? నువ్వు చూసేవాళ్ల కోసం అల్లుతావు గానీ ఉండేవాళ్ల కోసం అల్లవు."

"ఈ ఒక్కసారికి..." అన్నాడు పోచయ్య.

"బండిలో రాజుగారికి సీటు అల్లుతున్నావట కదా. ప్రారంభోత్సవం రోజు వచ్చి చూస్తా. ఆయన హాయిగా కూర్చుంటే నీకు బుద్ధి వచ్చిందని నమ్ముతా. లేదంటే అవతల ఈతచెట్టు మీద ఒకడు అల్లుతున్నాడు. వాడి ముడులన్నీ వంకరే, కానీ లోపల చోటుంది."

ఆ మాటతో పోచయ్య మారిపోయాడు. కుచ్చులు మానేశాడు. రెల్లుగడ్డి నానబెట్టి వడి తిప్పాడు, ఈతాకు చీరి పట్టీలు వేశాడు, మధ్యలో బూరుగుదూది దట్టించాడు. అల్లడం అయ్యాక దాని మీద ఒక పిచ్చుక గుడ్డు పెట్టి భల్లూకరావుగారిని కూర్చోమన్నాడు. ఆయన కూర్చున్నారు, లేచారు. గుడ్డు పగల్లేదు. పిచ్చుకకు మాత్రం ప్రాణం పోయి వచ్చింది.

"తల్లి ఒడిలా ఉందయ్యా," అని కళ్లు తుడుచుకున్నారు భల్లూకరావుగారు. ఆయనకు మెత్తటిదేదైనా తగిలితే వాళ్లమ్మ గుర్తొస్తుంది.

అంతా బాగానే ఉండేది, పొదుపు మీద మీటింగు పెట్టకపోతే.

పొదుపు శాఖకు పెద్ద, పందికొక్కు పొదుపేశ్వరరావు. పుట్టినప్పటి నుంచీ ఆయనకు పళ్లు పెరుగుతూనే ఉంటాయి, ఏదో ఒకటి కొరక్కపోతే నిద్ర పట్టదు. కంపెనీలో చేరకముందు ధాన్యపు గాదెల్లో ఇదే పని చేసేవాడు. అప్పుడు తరిమేవారు, ఇప్పుడు జీతం ఇస్తున్నారు.

మీటింగుకు అందరూ వచ్చారు. ముందుగా తలా ఒక దొప్పెడు తేనె పోశారు. భల్లూకరావుగారికి రెండు దొప్పలు.

"బూరుగుదూది కోతుల దగ్గర కొంటున్నాం," అని మొదలుపెట్టాడు పొదుపేశ్వరరావు. "చెట్టు చివర దాకా ఎక్కాలట, వాళ్లు చెప్పిందే ధర. ఇంత ఖర్చు అవసరమా?"

"అదీ నిజమే," అన్నారు భల్లూకరావుగారు.

పోచయ్యకు ఈకలు లేచాయి. "అయ్యా, ఇది కరెంటు బండి. మోత బండిలో అయితే ఇంజను గోలలో సీటు కిర్రుమన్నా, కూర్చున్నవాడు కుయ్యిమన్నా బయటికి తెలీదు. ఇది నోరు మూసుకుని పోయే బండి. లోపల చీమ తుమ్మినా అడవంతా వినపడుతుంది. అందుకే లోపలి పని గట్టిగా ఉండాలి, మెత్తగా ఉండాలి."

"ఇదీ నిజమే," అన్నారు భల్లూకరావుగారు.

"నేను మాత్రం మంచి పని వద్దన్నానా?" అన్నాడు పొదుపేశ్వరరావు నవ్వుతూ. ఆయన నవ్వితే ముందు పళ్లు రెండూ పూర్తిగా కనపడతాయి, అందుకని ఎదుటివాళ్లు వెనక్కి జరుగుతారు. "రాజావారి చెయ్యి తగిలేచోట పట్టు వేద్దాం. తగలనిచోట తాటిమట్ట వేద్దాం. ఏది ఎవరికీ తగలదో దానికి ఖర్చెందుకు?"

మాట వినడానికి ఎంత బాగుందంటే, పోచయ్య కూడా ఒక్క క్షణం తల ఊపాడు.

"చెయ్యి ఎక్కడ తగులుతుందో మనకెలా తెలుస్తుంది?" అని అడిగాడు తర్వాత. "రాజావారినే అడుగుదామా?"

మీటింగు మొత్తం ఉలిక్కిపడింది. ఆ అడవిలో సింహాన్ని ఏదైనా అడగడం అంటే ఆయనకు ఏదో కావాలని అనడం. రాజుకు ఏదో కావాలంటే ఆయనకు ఏదో లేదన్నట్టు. అది రాజద్రోహం.

"అడగక్కర్లేదు," అన్నాడు పొదుపేశ్వరరావు. "కొత్త బండికి పూజ చేస్తాం కదా. నిమ్మకాయలు పెడతాం, గుమ్మడికాయ కొడతాం. అప్పుడే శుభమని చెప్పి రాజావారి పంజాలకు పసుపు పూద్దాం. అలా ఒక చుట్టు తిప్పి తీసుకొస్తే, పసుపు మరక ఎక్కడుంటే అక్కడ పట్టు. మరక లేనిచోట కోత. ఎవరి మాటా అక్కర్లేదు, పసుపే చెబుతుంది."

చప్పట్లు మోగాయి. సంతోషం పట్టలేక భల్లూకరావుగారు ఇంకో కుండ తెప్పించారు. దూది మీద మిగలబోయే తేనె ఆ కుండతో సరి.

పూజ రోజు తెల్లవారే బండిని వాగులో కడిగి నిలబెట్టారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. పసుపు నూరి పెద్ద గిన్నెలో కలిపారు. పోచయ్య సీటు మీద ఆఖరి పోచ సర్దుతూ ఉండగా వాడి బుర్రలో ఒక సందేహం టక్కున మెరిసింది. ఎగిరి వచ్చి పొదుపేశ్వరరావు చెవి దగ్గర వాలాడు.

"అయ్యా, పంజాలకు పూస్తున్నారు. మరి... కూర్చునేచోటికి?"

పొదుపేశ్వరరావు అటూ ఇటూ చూశాడు. "ఎవరు కూర్చునేచోటికి?"

"అదే... రాజావారు... దేనితో కూర్చుంటారో... దానికి."

చుట్టుపక్కల అందరూ విన్నారు. ఎవరూ విననట్టే ఉన్నారు. భల్లూకరావుగారు నిమ్మకాయల వంక చూడసాగారు.

"మంచి ప్రశ్న," అన్నాడు పొదుపేశ్వరరావు. "ఇదిగో గిన్నె. వెళ్లి పూసి రా."

పోచయ్య గిన్నె వంక చూశాడు. అవతల సింహం ఆవులిస్తూ వస్తోంది. ఆ నోట్లో తనలాంటివాళ్లు పాతికమంది కాపురం పెట్టవచ్చు. పిల్లి మెడలో గంట ఎవరు కట్టాలన్నది పందికొక్కు చుట్టాలింట్లో పాత గొడవ. ఇది ఇంకా పెద్ద పిల్లి, పైగా మెడ కూడా కాదు.

పోచయ్య పక్కకు తప్పుకున్నాడు. వాడికి సిగ్గేసింది. భయం ముందు సిగ్గు నిలవలేదు.

రాజావారి ముందు పంజాలు రెండింటికీ పసుపు పూశారు. ఆయన ఎక్కారు, పోచయ్య సీటు మీద కూర్చున్నారు. ముఖం విచ్చుకుంది. తోక దానంతటదే చిన్నగా ఊగింది. పోచయ్య కొమ్మ మీద నుంచి చూసి ఏడ్చినంత పని చేశాడు. డ్రైవరు కుందేలు మీట నొక్కింది, బండి చప్పుడు లేకుండా కదిలింది.

మలుపు తిరిగేసరికి ఒక జోరీగ లోపలికి దూరింది. ఆ తర్వాత జరిగింది కుందేలు ఇప్పటికీ కళ్లు మూసుకునే చెబుతుంది. ఈగ పైకప్పు మీద వాలితే రాజావారు పైకప్పు మీద కొట్టారు. తలుపు మీద వాలితే తలుపు మీద కొట్టారు. హారను మీద వాలితే హారను మీద కొట్టారు, అడవంతా పాంపాం అంది. ఆఖరికి ఈగ వచ్చి కుందేలు చెవుల మీద వాలింది.

బండి తిరిగొచ్చింది. రాజావారు దిగి, సీటు బాగుందో లేదో ఒక్క మాటైనా అనకుండా గుహకు వెళ్లిపోయారు. రాజులు మెచ్చుకుంటే జీతం పెంచమంటారని ఆయనకు చిన్నప్పుడే నేర్పారు.

పొదుపు శాఖ బండి ఎక్కి మరకలు చూసింది. పైకప్పు నిండా పసుపు. తలుపు మీద పసుపు. హారను మీద పసుపు. కుందేలు రెండు చెవులకూ మొదళ్ల దాకా పసుపు. సీటు మాత్రం మచ్చ లేకుండా ఉంది.

సాయంత్రం మళ్లీ మీటింగు, మళ్లీ దొప్పలు.

"ఫలితం స్పష్టం," అన్నాడు పొదుపేశ్వరరావు. "రాజావారు ఎక్కువగా వాడేది పైకప్పు. తర్వాత డ్రైవరు చెవులు. సీటును ఆయన వాడనే వాడరు."

పోచయ్య ఎగిరి బల్ల మీద వాలాడు. "వాడరా! దాని మీదే కదండీ కూర్చున్నారు! నేను కళ్లారా చూశాను. కుందేలు చూసింది. మీరూ చూశారు!"

"నువ్వు చూసింది నీ చూపు," అన్నాడు పొదుపేశ్వరరావు ఓర్పుగా. "ఇది సర్వే. పసుపు అబద్ధం ఆడుతుందా?"

"ఆడదు. మీరు పూయనిచోట అది మాట్లాడనే మాట్లాడదు."

"మరి గిన్నె ఇచ్చినప్పుడు నువ్వెందుకు పూయలేదు?"

ఆ ప్రశ్న పోచయ్యకు ముల్లులా దిగింది, ఎందుకంటే అది న్యాయమైన ప్రశ్న.

"పోచయ్య చెప్పిందీ నిజమే," అన్నారు భల్లూకరావుగారు. అందరూ ఆశగా చూశారు. "కానీ చప్పట్లు కొట్టేశాం కదా."

అలా తీర్మానం అయిపోయింది. సీటు పీకి బండి షెడ్డు వెనక పారేశారు. దాని స్థానంలో ఎండు తాటిమట్టలు పేర్చి కట్టారు. తాటిమట్ట అంచుకు రంపం పళ్లుంటాయని అడవిలో పిల్లపామును అడిగినా చెబుతుంది. వాటిని చెక్కించడానికి ఖర్చవుతుందని వదిలేశారు. పైకప్పుకు పట్టు, తలుపుకు పట్టు, హారనుకు పట్టు. కుందేలు చెవులకు బూరుగుదూది కుట్టి పట్టు తొడుగులు వేశారు. దానికి ఏమీ వినపడటం మానేసింది, కానీ హోదా పెరిగిందని సంతోషించింది.

పట్టు పని పోచయ్యే చేశాడు. ఏడుస్తూ చేశాడు, బాగానే చేశాడు. మంచి పనివాడికి చెడ్డ పని కూడా చెడ్డగా చేయడం రాదు.

ప్రారంభోత్సవానికి అడవంతా కదిలి వచ్చింది. రోడ్డుకు రెండు వైపులా జంతువులు, కొమ్మల నిండా పక్షులు. ఎదురుగా మద్ది కొమ్మ మీద తుంగ కూర్చుని ఉంది. ఆమె పక్కనే ఈతచెట్టు వాడు కూడా ఉన్నాడు, వంకర ముడుల వాడు.

గుమ్మడికాయ కొట్టారు. రాజావారు ఠీవిగా ఎక్కారు. ఠీవిగానే కూర్చున్నారు.

బండిలో ఇంజను మోత లేదు. అడవిలో ఆ క్షణాన ఆకు కూడా కదల్లేదు. ఆ నిశ్శబ్దంలో లోపలి నుంచి ఒక చిన్న మాట స్పష్టంగా వినపడింది.

"అమ్మా!"

అడవి అడవంతా విన్నది. రాజావారు తేలు కుట్టిన దొంగలా బిగుసుకుపోయారు. కుందేలుకు మాత్రం ఏమీ వినపడలేదు కనుక మీట గట్టిగా నొక్కింది. మొదటి గుంటకు "అబ్బా", రెండో గుంటకు "అయ్యో", వంతెన దాటేటప్పుడు ఇంకేదో వచ్చింది, అది ఇక్కడ రాయకూడదు. ఆపమని రాజావారు గర్జించారు. చెవులకు పట్టు తొడుక్కున్నవాళ్లకు గర్జన ఏం లెక్క?

ఆఖరికి ఆయన గభాలున లేచి నిలబడి, పైకప్పు పట్టును రెండు పంజాలతో పట్టుకుని వేలాడారు. మిగతా దారంతా అలాగే వెళ్లారు.

"రాజావారు నిలబడ్డారు!" అని అరిచింది జనంలో ఒక కోతి. "మనందరికీ కనపడాలని నిలబడ్డారు!" అందరూ జేజేలు కొట్టారు.

బండి ఆగింది. సింహం దిగింది. వెనకకాళ్లు ఎడంగా వేసి నడుస్తోంది.

"ఆ సీటు," అంది సింహం మెల్లగా, "ఎవరి పని?"

భల్లూకరావుగారు పొదుపేశ్వరరావును చూపించారు. పొదుపేశ్వరరావు పోచయ్యను చూపించాడు. "లోపలి పనంతా ఆయన శాఖే ప్రభూ." ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అందరి కళ్లూ ఆ పిడికెడు పిట్ట మీద పడ్డాయి.

పోచయ్య ఒకసారి మద్ది కొమ్మ వంక చూశాడు. తుంగ తల వంచి వాడినే చూస్తోంది. పట్టు పని ఎంత నాజూగ్గా ఉందో చెప్పుకోవచ్చు. నా సీటు కాదని తప్పించుకోవచ్చు. ఎలాగూ తుంగ పోతుంది, ఉద్యోగం పోతుంది, బహుశా తల కూడా పోతుంది. అన్నీ పోయేటప్పుడు మిగిలేది నిజం ఒక్కటే అనిపించింది వాడికి.

"ప్రభూ," అన్నాడు గొంతు పెంచి. "తమ పంజాలకు పసుపు పూసి, మరక ఉన్నచోట పట్టు వేశాం. తమ పిర్రలకు పసుపు పూసే ధైర్యం మాలో ఎవరికీ లేకపోయింది. నాకూ లేకపోయింది. అందుకే తమకు పిర్రలు లేవని తీర్మానం చేశాం."

మద్ది కొమ్మ మీద నుంచి కిచకిచమని ఒకే ఒక్క నవ్వు వినపడింది. అది తుంగదే.

సింహం నోరు తెరిచింది. ఆ నోట్లోంచి గర్జన వచ్చేలోపల పొదుపేశ్వరరావు ఎగిరి ముందుకు దూకాడు.

"ప్రభూ! తమరికి నొప్పి కలిగిందా?"

సింహం నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఎదురుగా అడవి మొత్తం ఉంది, దున్నలు, జింకలు, తోడేళ్లు.

"నొప్పా?" అంది. "నాకా?"

"మరి తమరు లేచి నిలబడ్డారు..."

"నిలబడటం నా ఇష్టం!"

"అదే ప్రభూ నేనూ అంటున్నది!" అని జనం వైపు తిరిగాడు పొదుపేశ్వరరావు. "విన్నారుగా! రాజావారికి నిలబడటమే ఇష్టం. రాజు నిలబడే బండిలో సీటెందుకు? తాటిమట్టలు కూడా తీసేద్దాం. ఎంత పొదుపు!"

"అదీ నిజమే!" అన్నారు భల్లూకరావుగారు, అప్పటికే తాళాలు తీస్తూ.

చప్పట్లు మిన్నంటాయి. సర్వే తప్పని ఎవరూ అనలేదు. అసలు సర్వేయే నిజమైందని, రాజావారు సీటు వాడరని పసుపు ముందే చెప్పిందని పొదుపేశ్వరరావుకు దండ వేసి ఊరేగించారు. ఆ అడవిలో ఆ రోజు నుంచి బండి ఎక్కినవాళ్లందరూ నిలబడే వెళ్లాలి. కొండచిలువకు నిలబడటం రాదని దాన్ని ఎక్కించుకోలేదు. సీట్లే లేవు కనుక లోపలి పని శాఖను ఎత్తేశారు. పోచయ్య ఉద్యోగం పోయింది.

మర్నాడు ఉదయం పోచయ్య షెడ్డు వెనక తన సీటు మీద కూర్చుని ఉన్నాడు, తల రెక్కలో దూర్చుకుని. రెక్కల చప్పుడు వినపడి తలెత్తాడు. తుంగ.

ఆచారం ప్రకారం సీటు చుట్టూ తిరిగింది. పోచ పట్టి పీకింది, రాలేదు. అంచు కిందికి దూరి అవతల తేలింది. మధ్యలో నిలబడి గెంతింది, దూదిలో మెడ దాకా కూరుకుపోయింది.

"పోచయ్యా," అంది అక్కడి నుంచే.

"ఊఁ."

"ఇంత చోటిచ్చావు. ఎన్ని గుడ్లు పెట్టమంటావు?"

పోచయ్య కిందా మీదా అయి మాట కూడగట్టుకునేలోపల పొద మెల్లగా కదిలింది. వెనకకాళ్లు ఎడంగా వేసుకుని, అటూ ఇటూ చూసుకుంటూ సింహం వచ్చింది. బండి మీద కాదు, నడిచే వచ్చింది.

"ఎవరితోనూ అనకండి," అని గొణిగింది. "కాస్త జరుగుతావా అమ్మాయ్?"

తుంగ ఒక మూలకు జరిగింది. సింహం కూర్చుంది. కళ్లు మూతలు పడ్డాయి, తోక చిన్నగా ఊగింది. అప్పటి నుంచి రాజావారు నిలబడి నిలబడి కాళ్లు పీకినప్పుడల్లా బండి దిగి, అంత దూరమూ నడిచి అక్కడికి వస్తారు. ఆ మూలలో తుంగ గుడ్లు పెట్టింది. వాటి జోలికి ఇంతవరకూ ఏ పామూ రాలేదు.

నీతి: కొలత తప్పని తేలితే కొలతను దిద్దనక్కర్లేదు, కూర్చునేవాణ్ణి లేపి నిలబెడితే చాలు.